పది నిమిషాలు ముందు నడిచే గడియారం

హాగ్‌థార్ప్ ఊరి కొట్టుకి యజమాని అంటూ ఎవరూ లేరు. ఊరివాళ్ళే వంతులవారీగా వచ్చి కౌంటరు దగ్గర కూర్చుంటారు. గురువారం పొద్దుటి వంతు మ్యూరియల్ ఆక్రాయిడ్‌ది. డెబ్బై ఒక్కేళ్ళ ఆ మనిషి నలభై ఏళ్ళు ఆ లోయలోని ఊళ్ళన్నిటికీ కాన్పుల నర్సుగా పనిచేసింది.

కొత్త చట్టం వచ్చాక మిగతా కొట్లలో గుర్తింపు కార్డులు తిప్పి తిప్పి చూస్తున్నారు. రెండువేల తొమ్మిది జనవరి ఒకటిన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి పొగాకు అమ్మకూడదు. ఇప్పుడే కాదు, వాళ్ళు ముసలివాళ్ళయినా సరే. మ్యూరియల్‌కి మాత్రం కార్డులతో పనిలేదు. ఊళ్ళో కుర్రకారు సగం ఆమె చేతుల్లోనే పుట్టారు. ఎవరు ఏ పూట పుట్టారో, ఎంత బరువున్నారో కూడా చెప్పగలదు. ఆమె కాన్పుల పుస్తకంలో ఒక్క తప్పు లేదని ఊరంతా అంటుంది. ఆమె కూడా అంటుంది.

ఆ గురువారం పబ్బు నడిపే క్లైవ్ సగ్డెన్ కూతురు జోడీ వచ్చింది. మొన్ననే పద్దెనిమిది నిండాయి. కౌంటరు మీద మోచేతులు ఆనించి, మూసి ఉన్న పొగాకు బీరువా వైపు చూసింది. వేప్‌లనే ఎలక్ట్రానిక్ సిగరెట్లు కూడా ఇప్పుడు అందులోనే ఉంటున్నాయి.

"చుట్టుకునే పొగాకు ఒక ప్యాకెట్టు ఇవ్వండి ఆంటీ."

"ఇంకా నయం. నువ్వు పుట్టింది జనవరి ఒకటి, పన్నెండు దాటి నాలుగు నిమిషాలకి. నీకు బోసినోరు వచ్చినా ఇక్కడ దొరకదు పిల్లా."

"నాలుగు నిమిషాలేగా! మా క్లాసులో కాలమ్ గాడు నాకన్నా రెండు రోజులు పెద్ద. వాడు జన్మంతా ఇక్కడ దొరలా నిలబడి కొనుక్కుంటాడు. నేను వాణ్ణి బతిమాలుకోవాలా?"

"వాడు నీకు కొనిపెట్టినా నేరమే."

జోడీ నవ్వింది. అది ఏదో దాచుకున్న నవ్వు. "సరే గానీ ఆంటీ, ఆ నాలుగు నిమిషాలూ ఏ గడియారంలో చూశారు?"

"మీ పబ్బు గోడ మీద గడియారంలో. ఆ రోజు మంచులో జారిపడి నా వాచీ పగిలింది. పబ్బు పైన మీరుండే మేడ మెట్ల మీంచి వంగి చూశాను. స్పష్టంగా పన్నెండూ నాలుగు."

"ఆ గడియారం పది నిమిషాలు ముందుంటుంది ఆంటీ. తాగేవాళ్ళని వేళకి బయటికి పంపడానికి మా తాత కాలం నుంచీ అలాగే పెడతారు. ఊళ్ళో అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు, మ్యూరియల్‌కి తప్ప. ఆమె మెథడిస్టు ప్రార్థనామందిరం మనిషి. చుక్క ముట్టదు. కాన్పుకి తప్ప ఆ పబ్బు గడప తొక్కలేదు.

అరలో సర్దబోతున్న డబ్బాని ఆమె మెల్లిగా కింద పెట్టింది. ఆ రాత్రి బిడ్డ ఏడ్చింది. బొడ్డు కోసి, తుడిచి, తల్లి పక్కన పడుకోబెట్టింది. అప్పుడు కదా కింద జనం హోరుమన్నారు! బిడ్డ పుట్టిన కబురు విని అరుస్తున్నారనుకుని ఆమె ఎంతో మురిసిపోయింది. ఆ అరుపులు కొత్త సంవత్సరానివి.

అంటే ఈ పిల్ల పాత సంవత్సరంలోనే పుట్టింది. అవునంటే తన పుస్తకం తప్పు. అది సరే, ఈ పిల్లకి జన్మంతా ఆ బీరువా తలుపు తీసిపెట్టినట్టే. ఆ ఊపిరితిత్తుల్లోకి మొదటి గాలి పోయేలా వీపు మీద తట్టిన చెయ్యి తనదే. పాత సంవత్సరంలో కాదంటే, అబద్ధమాడినట్టు.

సరిగ్గా అప్పుడే పాలకోసం క్లైవ్ వచ్చాడు. కూతురి మొహం చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"దాని మాటలు నమ్మకండి మ్యూరియల్. ఆ ఏడాది గడియారం రిపేరుకి ఇచ్చి, సరిచేసి పెట్టాం. నాకు బాగా గుర్తు. అది పుట్టగానే మొదట ఎత్తుకుంది నేనే కదా!"

చక్కటి అబద్ధం. మ్యూరియల్ తల ఊపితే చాలు, అంతా ఎక్కడిదక్కడ సర్దుకుంటుంది. పుస్తకం నిలుస్తుంది, పొగాకు బీరువాలోనే ఉంటుంది.

"నువ్వెక్కడ ఎత్తుకున్నావు క్లైవ్?" అంది మ్యూరియల్. "నువ్వు పెరట్లో పీపాల పక్కన సిగరెట్ కాలుస్తున్నావు. లోపల కాల్చకూడదని అప్పటికే చట్టం వచ్చింది కదా. మూడుసార్లు పిలిచాను. జనం అరుపులు అయ్యాక వచ్చావు."

క్లైవ్ పాలసీసా మీద కాగితం చదవడం మొదలుపెట్టాడు.

"నాన్నా!" అంది జోడీ. "సిగరెట్ కోసం నన్ను వదిలేశావా?"

"సగమే కాల్చానే తల్లీ. మిగతా సగం పారేసి పరిగెత్తుకొచ్చాను."

"ఆహా, ఎంత త్యాగం! పద్దెనిమిదేళ్ళ నుంచీ నేనే మొదట ఎత్తుకున్నానని అందరికీ కోతలు కోశావు."

క్లైవ్‌కే ముందు నవ్వొచ్చింది, తర్వాత జోడీకి. మ్యూరియల్ నవ్వలేదు. సొరుగులోంచి కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, జనన మరణాల కార్యాలయానికి ఉత్తరం రాసింది. గడియారం సంగతి, అరుపుల సంగతి, తప్పు తనదేనన్న సంగతి. సంతకం దగ్గర ఆమె చెయ్యి కాస్త ఆగింది. తర్వాత గట్టిగానే పెట్టింది.

"ఇదిగో. వాళ్ళు సరిచేసి పంపాక రా. అడిగితే అమ్ముతాను. కానీ అమ్మేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో ఇప్పుడే చూసుకో."

జోడీ ఆ మొహం చూసింది. ఉత్తరం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకుంది.

"పోస్టులో వేస్తాను ఆంటీ. నా పుట్టినరోజు నాకు కావాలి. పొగాకు సంగతి అప్పుడు నా ఇష్టం." తండ్రి వైపు తిరిగింది. "పెరట్లో పీపాల పక్కన నిలబడి కొత్త సంవత్సరాన్ని పోగొట్టుకునే రకాన్ని మాత్రం కాను."

చిప్స్ పొట్లం ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది. క్లైవ్ పాలసీసాతో ఆమె వెనకాలే పరిగెత్తాడు.

మ్యూరియల్ పుస్తకంలో తప్పు దొరికిందన్న కబురు మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. మరుసటి గురువారం కొట్టు తెరిచేసరికి గుమ్మంలో పోస్టుమాన్ గారెత్ నిలబడి ఉన్నాడు.

"నాది కూడా ఒకసారి చూడండి మ్యూరియల్. రెండేళ్ళు ముందు పుట్టానేమో. పింఛను తొందరగా వస్తుంది."

"నీది తప్పయ్యే ప్రశ్నే లేదు," అంది ఆమె తాళం తీస్తూ. "మీ ఇంట్లో రెండు గడియారాలూ నా వాచీ చూసుకుంటూ పదిహేను గంటలు కూర్చున్నాను. పైగా నువ్వు కాళ్ళు ముందు పెట్టి వచ్చావు. అలాంటివి నేను మర్చిపోను."

గారెత్ వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. మ్యూరియల్ లోపలికి వెళ్ళి, ముందు టీకి నీళ్ళు పెట్టింది.