సీసా మీద అరవై రోజులు

జెలెనోవ్ ఊరివాళ్ళకి వొలావ్కా లాగర్ అంటే ఇంటిపేరుతో సమానం. సీసా మీద ఒంటికాలి కొంగ బొమ్మ, లోపల తేనెరంగు బీరు. మూడొందల ఏళ్లుగా అదే ఊళ్ళో కాస్తున్నారు. రాజులు పోయారు, యజమానులు పోయారు, కార్ఖానా ప్రభుత్వానిదైపోయింది. బీరు మాత్రం మారలేదు.

1974లో ఆ బీరు కాచే పనంతా ద్రహోమీర చేతిలో ఉండేది. యాభై ఒక్క ఏళ్ల మనిషి. పొట్టిగా ఉండేది గానీ, గొంతెత్తితే ఆవరణ అవతలిదాకా వినిపించేది. పీపాలు దొర్లించేవాళ్ళ దగ్గర్నుంచి ఆఫీసు గుమాస్తాల దాకా అందరికీ ఆమె "మేస్త్రమ్మ".

ఆ మే నెలలో డైరెక్టర్ హాన్‌జ్లిక్ ఆమెను గదికి పిలిపించాడు.

"కామ్రేడ్ ద్రహోమీరా, జూన్ ఇరవైన మన ఊరికి ఏడొందల ఏళ్లు నిండుతున్నాయి. రాజధాని ప్రాగ్ నుంచి మంత్రిగారొస్తున్నారు. ఎప్పుడూ పోసేదానికి రెండింతల బీరు కావాలి."

"ఆ ముక్క జనవరిలో చెప్పాల్సింది. నేలమాళిగలో తొట్లన్నీ నిండి ఉన్నాయి. అరవై రోజులు పండితే గానీ తియ్యను."

"ఇరవై రోజులకే తీసేద్దాం. అవే తొట్లు మళ్ళీ నింపుదాం. ఇంకో ఇరవై రోజులకి అదీ తీసేద్దాం. రెండింతలు అయిపోలా?"

"లెక్క బాగానే ఉంది కామ్రేడ్ డైరెక్టర్. బీరుకే లెక్కలు రావు."

హాన్‌జ్లిక్ మొహం ఎర్రబడింది. "ఇది ఆర్డరు."

"మీ ఆర్డరు నేను వింటాను. బీరుని పులియబెట్టే ఈస్ట్ వినదు కదా. పచ్చి బీరు మీద కొంగ బొమ్మ అంటించడానికి నా చెయ్యి రాదు."

మర్నాడే ఆమెను సీసాలు కడిగే షెడ్డుకి మార్చేశారు. మాళిగ తాళాలు ఆమె కింద పనిచేసే వెండెలీన్‌కి ఇచ్చారు. అతను నలుగురు పిల్లల తండ్రి, మెత్తని మనిషి. మధ్యాహ్నం షెడ్డు దగ్గరికొచ్చి టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మేస్త్రమ్మా, నేను కాదంటే పక్క జిల్లా నుంచి ఎవణ్ణో తెస్తారు."

"తెలుసులేరా. నీ మీద నాకేం కోపం లేదు. మాళిగలో చల్లదనం తగ్గకుండా చూడు. ఈస్ట్‌ని మాత్రం ప్రాణంలా కాచుకో. బీరు పోతే మళ్ళీ కాచుకుంటాం. అది పోతే ఇక ఏమీ చెయ్యలేం."

ద్రహోమీర రబ్బరు ఏప్రాన్ కట్టుకుని ఆ షెడ్డులోనే రోజులు గడిపింది. సీసాలు కడిగే సోడా నీళ్ళకి వేళ్ళు పగిలాయి. పక్కనున్న ఆడవాళ్ళు "అయ్యో పాపం" అనబోతే, "నన్నెందుకే అంటారు, ఆ డైరెక్టర్‌ని అనండి. జూన్‌లో ఆయనకే కావాలి మీ జాలి" అని నవ్వించేది. జూన్ మొదట్లో మార్కెట్ నుంచి తిరిగొచ్చిన సీసాల్లో అడుగున మిగిలిన బీరు వాసన చూసింది. పచ్చి ఆపిల్ కోసినప్పటి వాసన, పండని బీరుకుండే వాసన. ఆ సీసాల్ని రెండేసి సార్లు కడిగింది.

పండగ రోజు రానే వచ్చింది. చౌరస్తాలో బ్యాండు మేళం, జెండాలు, పంది మాంసం కాలుతున్న వాసన. లుమీర్ తన బీరుకొట్టు బల్లలన్నీ వీధిలోకి తెచ్చి వేశాడు. మొదటి గ్లాసు మంత్రిగారి ముందు పెట్టాడు. నురగ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. మంత్రిగారు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టే అట్టముక్కని దాని మీద బోర్లించేశారు. ఇక చాలన్నమాట.

అరవై ఏళ్లుగా రోజూ మధ్యాహ్నం ఒక గ్లాసు తాగే అపొలేనా ముసలమ్మ ఊరుకుంటుందా?

"ఒరే లుమీర్, ఇది బీరా, ఆపిల్ రసమా? నాకు పళ్ళు పోయాయి గానీ నాలుక ఇంకా నోట్లోనే ఉంది."

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు తర్వాత సగం తాగిన గ్లాసులు బల్లల మీద వరసగా మిగిలిపోయాయి. ఆ ఊళ్ళో అలాంటి దృశ్యం ఎవరూ చూసి ఎరగరు. లుమీర్ పీపాని తోపుడుబండి మీదకెక్కించి, బ్యాండు మేళం మధ్యలోంచే కార్ఖానా గేటు దగ్గరికి తోసుకుపోయాడు. వెనకే తక్కిన బీరుకొట్లవాళ్ళూ బయల్దేరారు. సాయంత్రానికి గేటు ముందు పదకొండు పీపాలు చేరాయి. పండగకి పక్క ఊరి బీరు తెప్పించాల్సి వచ్చింది. అంతకంటే అవమానం జెలెనోవ్‌కి ఇంకోటి లేదు.

సోమవారం పొద్దున్నే హాన్‌జ్లిక్ షెడ్డులోకి తనే నడిచొచ్చాడు. కడిగే మిషన్ల చప్పుడులో ఆయన మాట ఎవరికీ వినపడలేదు. ద్రహోమీరే మిషన్ ఆపింది.

"ఏదైనా చెయ్యి మేస్త్రమ్మా. మాళిగ నిండా ఉన్న బీరు ఏం చెయ్యమంటావు?"

"ముట్టుకోకండి. నలభై రోజులు అలాగే పడుకోనివ్వండి."

"అప్పటిదాకా ఊరికేం పోస్తాం?"

"ఏమీ పొయ్యం. కొంగ బొమ్మ నలభై రోజులు కనపడకపోతే జనం ఎదురు చూస్తారు. పచ్చి బీరు మీద ఇంకొక్కసారి కనపడిందంటే మాత్రం మొహం తిప్పుకుంటారు."

ఆయన తడి నేల మీద ఒక అడుగు ముందుకేసి, "సరే, తాళాలు తీసుకో" అన్నాడు.

"తీసుకుంటాను. ఒక షరతు. సీసా లేబుల్ మీద 'అరవై రోజులు పండినది' అని అచ్చు వేయించాలి."

"దానికి పైవాళ్ళ అనుమతి కావాలి!"

"అయితే తెప్పించండి. నాకిక్కడ కడగాల్సిన సీసాలు చాలా ఉన్నాయి." మిషన్ మళ్ళీ నడిపించింది.

పన్నెండు రోజులకి అనుమతి వచ్చింది. వచ్చిన పూటే ఆమె ఏప్రాన్ విప్పి మాళిగలోకి దిగింది. తొట్టి తొట్టికీ చెవి ఆనించి విన్నది. ఈస్ట్ క్షేమంగా ఉంది. వెండెలీన్ ఆమె చెప్పినట్టే దాన్ని కాచుకున్నాడు. అతన్ని తన పక్కనే ఉంచుకుంది.

ఆగస్టు మొదట్లో లుమీర్ కొత్త పీపా తెరిచాడు. నురగ గ్లాసు మీద తెల్లటి టోపీలా నిలబడింది. అపొలేనా ముసలమ్మ తాగి, రెండో గ్లాసు అడిగింది. ఆమె జీవితంలో రెండో గ్లాసు అడగడం అదే మొదటిసారి.

తర్వాత హాన్‌జ్లిక్ బదిలీ అయిపోయాడు. ఇంకో ఇద్దరు డైరెక్టర్లు వచ్చారు. తొందర పడిన ప్రతివాడికీ ద్రహోమీర ఒక సీసా ముందుపెట్టి, "చదవండి" అనేది. అచ్చులో ఉన్న మాటని కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. 1991లో కార్ఖానా అమ్మకానికొచ్చినప్పుడు ఆమెకి అరవై ఎనిమిదేళ్లు, పెన్షన్ తీసుకుంటోంది. కొనడానికొచ్చిన పెద్దమనుషులు లేబుల్ మార్చాలన్నారని తెలిసి, ఉన్నవాటిలో మంచి కోటు తొడుక్కుని, పిలవకపోయినా మీటింగుకి వెళ్ళింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "బొమ్మ ఎలా గీయించుకున్నా మీ ఇష్టం. ఆ మూడు మాటల జోలికి మాత్రం రాకండి" అంది.

వాళ్ళు కొత్త లేబుల్ నమూనా మీద ఆ మాటలు మళ్ళీ రాసుకుని, ఆమెకో గ్లాసు బీరు తెప్పించారు. ఆమె వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, తాపీగా తాగడం మొదలుపెట్టింది.