తడి చెయ్యి

...తిన్ననే అన్నది కదా. తడబడకుండా అన్నది. "తిన్న బిడ్డా" అని, ఎప్పుడూ అనే తీరులోనే అన్నది. అప్పుడు ఆమె చెయ్యి తలుపు రెక్క మీద ఉంది. పట్టుకుని నిలబడిందా, ఊరికే ఆనించిందా? పడిపోకుండా పట్టుకున్న చేతికీ, మాట్లాడుతూ ఆనించిన చేతికీ తేడా దూరం నుంచి తెలియదు. కానీ దూరమెక్కడిది, మధ్యలో గడపే కదా ఉంది. మరి చూడలేదా? లేక కన్ను చూసినా మనసు అక్కర్లేదని పక్కకు తోసేసిందా?

శ్రీశైలం ఇనుప స్టూలు మీద కాస్త సర్దుకుని కూర్చున్నాడు. సర్కారు దవాఖానాలో ఆడవాళ్ల వార్డు అది. ఎదురుగా మంచం మీద పిచ్చమ్మ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. సెలైన్ సీసా కింద చుక్క ఒకటి తయారవుతుంది, లావెక్కుతుంది, జారుతుంది. జారే ముందు ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. ఆ ఆగడాన్నే అతను చాలాసేపటి నుంచి చూస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం వీధి నల్లా దగ్గర పిచ్చమ్మ కూలబడిపోయింది. శ్రీశైలమే ఆటోలో వేసుకొచ్చాడు. పాత కంపెనీ క్వార్టర్లలో వాళ్లవి ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్లు. ఆమె పెనిమిటి బొగ్గు బాయిలో సర్దారు, పోయి చాలా ఏళ్లయింది. శ్రీశైలం తండ్రి కాశయ్య ఆయన కిందే బొగ్గు తవ్వాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె ఒక్కతే, ఈ ఇంట్లో యాభై దాటిన శ్రీశైలం ఒక్కడే. పొద్దున్నే గోడ అవతల ఆమె దగ్గితే ఇవతల అతనికి మెలకువ వచ్చేది. దగ్గు నిన్న కూడా వినిపించింది. గిన్నెల చప్పుడు ఎప్పటి నుంచి వినిపించడం లేదో మాత్రం అతనికి గుర్తు రావడం లేదు.

గుండె అనుకున్నాడు. కాకుంటే షుగర్. ఇంత వయసులో మనిషి పడిపోతే ఇంకేముంటుంది? పొద్దున డ్యూటీకి వచ్చిన డాక్టరమ్మ, చిన్నపిల్ల, రిపోర్టులు చూసి, అతన్ని వరండాలోకి పిలిచింది.

"జబ్బేం లేదు అంకుల్. తినలే."

"నిన్న పొద్దున తినలేదా?"

"నిన్నటి ముచ్చట కాదు. చాన రోజుల సంది సరిగ తినలే. మీరు ఏమైతరు ఆమెకు?"

పక్కింటాయన్ని అనాలి. "సర్వే చేసేటాయన్ని" అన్నాడు. ఎందుకట్లా అన్నాడో అతనికే తెలియలేదు. డాక్టరమ్మ ఒకసారి చూసి, ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోయింది. తినలే అన్న మాట మాత్రం వరండాలోనే ఉండిపోయింది. ఎక్కడో కరువు పడిన దేశం గురించి రేడియోలో విన్న మాటలా ఉంది. అది తన గోడ అవతలి సంగతి అని మెదడుకు చేరడానికి చాలాసేపు పట్టింది. చేరాక గోడ పట్టుకున్నాడు. పట్టుకున్న తన చేతిని చూసుకుని వెంటనే తీసేశాడు.

శ్రీశైలం పట్నం మున్సిపల్ ఆఫీసులో వార్డు పనులు చూసే ఉద్యోగి. ఆ బొగ్గు పట్నాన్ని ఆకలి లేని పట్నం చెయ్యాలని రెండేళ్లుగా పెద్ద కార్యక్రమం నడుస్తున్నది. కార్డున్న వాళ్లకు సన్నబియ్యం, వార్డుకొక క్యాంటీన్, అయిదు రూపాయలకు పప్పు, కూర, కడుపునిండా అన్నం. శ్రీశైలం ఈ పనిని ఉద్యోగంలా చెయ్యలేదు. క్యాంటీన్ షెడ్డుకు రేకులు దింపిన రోజు తానూ ఒక కొస పట్టాడు. అన్నం దొరకని ఇల్లు ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు. తెలుసనే అనుకున్నాడు.

ఇప్పుడు ఇంటింటి సర్వే. ఆకలి ఉన్న మనిషి పేరు, ఫోటో ఫోన్‌లో ఎక్కిస్తేనే లెక్కలోకి వస్తుంది. ఒక్క పేరూ లేని వార్డు నుంచి క్యాంటీన్ తీసి, జనం ఎక్కువున్న చోటికి మారుస్తారు. ఫోన్‌లో ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది. నిన్న మీ ఇంట్లో ఎవరైనా ఒక పూట తిండి మానేశారా, అని మొదలై కిందికంటా పోతుంది. తెలిసిన వాళ్ల గడపలో నిలబడి ఆ ప్రశ్న చదవాలంటే శ్రీశైలానికి నోరు రాలేదు. మర్యాదగా, ఊళ్లో అందరూ అందరినీ అడిగినట్టు అడిగాడు. తిన్నరా అక్కా? తిన్నరా బాపూ? తిన్నరా పెద్దమ్మా? అందరూ తిన్నమన్నారు. అతను టిక్కు పెట్టుకుంటూ పోయాడు. వార్డు మొత్తం సున్నా వచ్చింది, ఆఫీసుకు పంపడమే మిగిలింది. ఆ సాయంత్రం చాలా సంతోషంగా ఉన్నాడు కూడా.

జేబులో ఫోన్ మోగింది. ఆఫీసులో పై అధికారి వెంకటేశ్వరరావు.

"ఏంది శ్రీశైలం, నీ వార్డొక్కటే పెండింగ్ చూపిస్తున్నది. సున్నా కొట్టి పంపియ్యి, జల్దీ. పన్నెండింటికి మీటింగు."

"సార్... ఒక కేసు ఉంది."

"ఉంటే పేరు, ఫోటో పెట్టు. ఎవరో చెప్పు."

శ్రీశైలం మంచం వైపు చూశాడు. పిచ్చమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పటి నుంచి వింటున్నదో. ఆమె తల అటూ ఇటూ ఆడించింది, వద్దని.

"మళ్ల చేస్త సార్."

"మళ్ల ఎప్పుడయ్యా? మీ దగ్గర తినేటోళ్లు లేక అన్నం మిగులుతున్నది. కొత్త బస్టాండు కాడ జనం లైన్ల నిలబడుతున్నరు. షెడ్డు ఇప్పనీకి మనుషులను గూడ పిలిచిన. నేను చెడగొట్టేటోణ్ణా చెప్పు? ఉన్నకాడికి అన్నం పంపుతున్న, అంతే."

వెంకటేశ్వరరావు ఫోన్ పెట్టేశాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి శ్రీశైలానికి ఏమీ దొరకలేదు. అదే భయంగా ఉంది.

"నా పేరు రాసినవనుకో," పిచ్చమ్మ గొంతు పీలగా వచ్చింది, "నీకూ నాకూ మాటల్లేవు."

"ఎందుకు చెప్పలే పెద్దమ్మా? నేను వచ్చి అడిగితి కద."

"అవ్, అడిగితివి. గడపల నిలబడి, చేతిల ఫోన్ పట్టుకొని. నీ ఎన్కాల పొదుపు సంఘం ఆడోళ్లు ఇద్దరు. ఏం చెప్పాలె? తినలేదు, రాసుకో అనాల్నా? సర్దారు పెండ్లాన్ని."

"మరి బియ్యం? కార్డు బియ్యం ఏమైనయి?"

"కార్డు కొడుకు కాడ ఉంది, దమ్మపేటల. ఆడనే తెచ్చుకుంటరు. పింఛను పైసలు పడే కార్డు గూడ వాని కాడనే. నెలకోపాలి తెచ్చిస్తనన్నడు. ఈ నడుమ వానికి పని దొరుకుతలేదేమో." కొంచెం ఊపిరి తీసుకుంది. "నా పేరు బయటపడితే కార్డు తిరగేస్తరు. నన్ను అందులకెళ్లి తీస్తరు. మనవండ్ల బియ్యం తగ్గుతయి. నాకెందుకా పాపం?"

"క్యాంటీన్ ఉంది కద. నాలుగడుగులేస్తే అన్నం."

పిచ్చమ్మ పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూసింది.

"వచ్చిన ఒకనాడు," అన్నది చివరికి. "నువ్వున్నవు ఆడ."

అంతే అన్నది. మిగిలింది శ్రీశైలానికి తానే గుర్తొచ్చింది. షెడ్డు తెరిచిన కొత్తలో, లైను చివర తల మీద కొంగు కప్పుకుని పిచ్చమ్మ. ఆమెను చూసి అతను నిజంగానే సంబరపడ్డాడు. నలుగురూ వినేటట్టు, నవ్వుతూ, "నువ్వు గూడ వచ్చినవా పెద్దమ్మా!" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఎట్లుందో చూద్దామని వచ్చిన అన్నది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆమె రాకపోవడం ఇన్నాళ్లు అతనికి మంచి వార్తలాగే ఉంది.

ఆ మాటలో ఏముంది? ఏమీ లేదు. ప్రేమే ఉంది. ప్రేమతో అన్న ఒక్క మాట ఒక మనిషి నోటికీ అన్నానికీ మధ్య ఇన్నాళ్లు అడ్డంగా నిలబడిందంటే... అట్లాంటి మాటలు తను ఇంకా ఎన్ని అన్నాడో. లెక్క పెట్టడానికి కూడా వీలుకానివి.

"యాదికుందా," పిచ్చమ్మ అన్నది, "మీ నాయిన పని పోయి ఇంట్ల ఉన్నప్పుడు, పొద్దుగూకే యాళ్లకు మీ అమ్మ నీ చెయ్యి నీళ్లల్ల ముంచి గడపలకు పంపేది. చెయ్యి దులుపుకుంటొస్తే తిని లేచినవని అందరం అనుకోవాల్నని."

శ్రీశైలం ఆ సంగతి తనకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. అమ్మ పోయాక తనొక్కడికే అనుకున్నాడు. ఇన్నేళ్లు దాన్ని ఎంతో జాగ్రత్తగా, లోపల్లోపల, ఒక్కడే మోశాడు.

"నీకు... ఎరుకేనా?"

"ఎందుకెరుక లేదురా? తిన్న చెయ్యి తెలవదా? వాసనన్న రావద్దా?" ఆమె పెదవులు కొంచెం కదిలాయి, నవ్వే. "ఏనాడన్న అడిగిన్నా నిన్ను తిన్నవా అని? అడగలే. అడిగితే నువ్వు తిన్ననంటవు, ఆడికి ముచ్చట ఒడుస్తది. గిన్నె పట్టుకొనొచ్చి, చెల్లే, ఉప్పెక్కువైందేమో, మీ పోరనికి రుచి చూపియ్యి అనేదాన్ని."

ఉప్పు ఎప్పుడూ ఎక్కువ కాలేదు. ఆ కూరల రుచి శ్రీశైలానికి నాలుక మీదికి వచ్చింది. అయినా ఆ మాట విని, పిచ్చమ్మకు ఉప్పు వెయ్యడం సరిగా రాదని చిన్నప్పటి నుంచి నమ్ముతూ వచ్చాడతను. ఈ క్షణం దాకా.

పక్క మంచం దగ్గర నేల మీద కూర్చున్న కొండమ్మ ఇదంతా వింటూనే ఉంది. ఏన్కూరు అవతల అడవిలో ఊరు ఆమెది. కోడలి కాన్పుకు వచ్చింది. నిన్న రాత్రి తన డబ్బాలోని జావ అడక్కుండానే పిచ్చమ్మకు పోసింది. ఇప్పుడు మళ్లీ గ్లాసు నింపుతూ అందుకుంది.

"మీ పట్నపోళ్ల ముచ్చట నాకు సమజ్ కాదక్కా. ఆకలైతే ఆకలైందని అంటే నోరు పోతదా?"

"నీకేం తెలుస్తది లేవే," అన్నది పిచ్చమ్మ.

"ఎందుకు తెలవదు? మా కాడ వానలు ముదిరితే ఊరు ఊరంతటికి ఒక్కపాలే ఆకలైతుండె. అడివిల గడ్డలు తవ్వనీకి అందరం కలిసే పోతుంటిమి. ఎవలను చూసి ఎవలు సిగ్గుపడాలె?" గ్లాసు చేతికిచ్చింది. "మీకు ఒక్కొక్కలకు ఇడివిడిగ అయితది, అదీ కష్టం."

పిచ్చమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు కిందికి దించింది.

"మన క్వార్టర్ల లైన్ల నేనొక్కదాన్నే అనుకుంటున్నవా శ్రీశైలం?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇంకెవరున్నరు?"

"చెప్ప."

"పెద్దమ్మా, షెడ్డు ఇప్పుతున్నరు. ఈపూటనే. ఇప్పిండ్రంటే..."

"ఇప్పొద్దని చెప్పు. ఇయ్యాల కాకున్న రేపు, సిగ్గిడిచి ఎవలన్న పోతరు. నాకు గూడ రెండు మూడుసార్లు ఆ మూలమలుపు దాక పొయ్యి కాళ్లాగినయి. ఆడ షెడ్డు ఉంటెనే కద పోయేది. పేర్లు మాత్రం అడగకు. నేను చెప్ప, వాళ్లూ చెప్పరు."

అతని కళ్ల ముందు తన వార్డు తలుపులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కో తలుపు మీద ఒక్కో చెయ్యి. ఏది పట్టుకున్న చెయ్యి, ఏది ఆనించిన చెయ్యి? తిన్నం, తిన్నం, తిన్నం. ఆ తలుపుల వెనక పొయ్యిల మీద ఏముందో తెలియదు. తను తెలుసుకోలేదు. అందరికీ తెలిసిన మర్యాదను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆ మర్యాదనే లెక్కలో రాసుకుని, ఆకలి లేదని తేల్చాడు. ఫోన్‌లో ఉన్న ఆ మోటు ప్రశ్నను ఉన్నదున్నట్టు చదివినా బాగుండేదేమో. ఏమో, అప్పుడూ తిన్నమనే అనేవాళ్లేమో.

"సారూ, నువ్వు తిన్నవా?" కొండమ్మ అడిగింది, డబ్బా మూత పెట్టబోతూ.

"తిన్న," అన్నాడు శ్రీశైలం.

కొండమ్మ మూత పక్కన పెట్టి పెద్దగా నవ్వింది. "ఎప్పుడు తిన్నవయ్యా? నిన్న మాపటి సంది చూస్తున్న, ఆ స్టూలిడిచి లేవకపోతివి. గాలి తిన్నవా?"

పిచ్చమ్మ కూడా తల తిప్పి అతన్ని చూసింది.

ఆ మాట శ్రీశైలం కావాలని అనలేదు. అది తనంతట తానే వచ్చింది, తుమ్ము వచ్చినట్టు. నిన్న పొద్దున తాగిన చాయ తప్ప కడుపులో ఏమీ లేదు. తినాలని తోచలేదు. ఆకలైన సంగతి కూడా తెలియలేదు. ఇప్పుడు తెలుస్తున్నది. అయినా నోరు తిన్ననే అంది. ఇక్కడ దాచవలసిన వాళ్లెవరూ లేరు. దాచితే వచ్చేదీ లేదు. యాభై ఏళ్లు దాటిన నాలుక, అమ్మ చెయ్యి పట్టుకుని నీళ్లలో ముంచినప్పటి పిల్లవాడి నాలుకే.

మళ్లీ ఫోన్ మోగింది.

"పంపినవా? అందరు కూసున్నరిక్కడ."

"సార్, నా వార్డు సున్నా కాదు."

"మళ్ల అదే మాట. ఎవరు? పేరు చెప్పు, ఫోటో పెట్టు. లేకుంటే లేనట్టే, నేనేం చెయ్యలేను."

"సార్, ఆ ప్రశ్న... నిన్న ఇంట్ల ఎవరన్న పూట మానేసిండ్రా అనే కద. ఎవరింట్లయినా లెక్కకొస్తదా?"

"వార్డుల ఉండేటోళ్లు ఎవరైనా సరే. పెట్టు, జల్దీ."

పిచ్చమ్మ దుప్పటి మీది వేళ్లు బిగుసుకున్నాయి. తన పేరే చెబుతాడని ఆమె చూపులో కనిపించింది. శ్రీశైలం ఫోన్‌లో సర్వే తెరిచాడు. తన ఇంటి నంబరు దగ్గరికి వచ్చాడు. అక్కడా టిక్కు ఉంది. తన గడపలో నిలబడకుండా, తనను తను అడగకుండా పెట్టిన టిక్కు. దాన్ని తీసేశాడు. పేరు అడిగింది. ఒక్క పేరున్నా షెడ్డు ఆగుతుంది. శ్రీశైలం, తండ్రి కాశయ్య అని కొట్టాడు. ఫోటో అడిగింది.

ఆఫీసులో చూస్తారు. నవ్వుతారేమో. జీతం తీసుకునేవాడివి, నీకేం ఆకలి అంటారేమో. మెడ దగ్గర నుంచి చెవుల దాకా వేడి ఎక్కింది. సిగ్గు ఇట్లా ఉంటుందన్నమాట. కొండమ్మ నవ్వు ఆపి చూస్తున్నది.

అతను ఫోన్‌ను తన మొహం వైపు తిప్పుకుని, నొక్కాడు.