పెట్టిన చెట్టు

నేను ఒక సిమెంటు కుండీని. ఆత్మకథ అన్నారు గనుక చెబుతున్నాను గాని, నాలో ఆత్మ అనేదొకటి ఉందని నేను నమ్మను. గోదావరి ఇసుక, సిమెంటు, నీళ్ళు, నడుమ కొన్ని ఇనుప చువ్వలు; అడుగున, ఎక్కువైన నీరు పోవడానికి, బొటనవేలు పట్టేంత చిల్లు. నన్ను పగలగొట్టి చూసినవారికి కూడా ఇంతకు మించి ఏమీ కనబడలేదు. పగలగొట్టిన సంగతి తర్వాత చెబుతాను.

కడియం వెళ్ళే దారిలో ఒక తాటాకు పాకలో నన్ను పోత పోశారు. అచ్చు విప్పాక గోనె సంచులు కప్పి, వారాల తరబడి తడుపుతూ ఉంచారు. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది తడిసి గట్టిపడుతుంది. కంటికి కనబడేదాన్ని తలకిందులుగా అర్థం చేసుకోవడం మనుషులకు కొత్త కాదు గనుక నేనేమీ అనుకోలేదు.

నన్ను కొన్నవాడు బుల్లిరాజు. తోటలు వేసే కాంట్రాక్టరు. అతను నాలో ఒక కానుగ మొక్కను ఉంచాడు. చేతి కర్రంత మొక్క, చూస్తుండగానే మనిషిని మించి ఎదిగింది. లేత ఆకులు గాలికి కదిలినప్పుడు ఆ కదలిక కాండం వెంట దిగి నా గోడ దాకా వచ్చేది. దాన్ని ప్రేమ అనవచ్చునో లేదో నాకు తెలియదు. భౌతికశాస్త్రం ప్రకారం కంపనం అంటారు.

పట్టణాలలో ఒక నియమం ఉంది. అపార్టుమెంటు కట్టేవారు ప్రహరీ వెంట కొంత నేలను పట్టీగా, మట్టిగానే వదలాలి. అందులో నీడనిచ్చే చెట్లు నాటాలి. అధికారి వచ్చి చూసి, ఉన్నాయని రాస్తేనే ఆ ఇళ్ళలో జనం దిగడానికి అనుమతి. మంచి నియమం, ఎండలో నడిచిన మనిషెవరో రాసి ఉంటాడు. అయితే అధికారి వచ్చిన రోజు చెట్టు ఉండాలన్నది బిల్డర్లకు అర్థమైనంత బాగా, మర్నాడు కూడా ఉండాలన్నది అర్థం కాలేదు. బుల్లిరాజు వ్యాపారమంతా ఆ రెండు రోజుల నడుమ ఉన్న సందులోనే సాగింది. గుంత తవ్వి నన్ను అంచు దాకా దించేవాడు, పైన మట్టి కప్పి పచ్చిక పరిచేవాడు, సంతకం అయ్యాక పైకి తీసి ఇంకో చోటికి తీసుకుపోయేవాడు. మాలాంటి అద్దె చెట్లు అతని దగ్గర చాలా ఉండేవి.

దీనికి తెలుగు భాష అతనికి తోడుపడింది. ‘పెట్టడం’ అన్నది చాలా ఉదారమైన మాట. మొక్కను నేలలో నాటినా పెట్టామంటారు, గదిలో కుర్చీ తెచ్చి వేసినా పెట్టామనే అంటారు. “ఆయ్, చెట్లు పెట్టేశామండి, తమరొచ్చి చూసుకోవడమే తరువాయండి” అని బుల్లిరాజు ఫోనులో చెప్పేటప్పుడు అతని గొంతులో తడబాటు ఉండేది కాదు. అబద్ధమాడితే కదా, తడబడడానికి.

ఈలోగా లోపల ఒక పని జరిగిపోతూ ఉంది. వేరుకు కళ్ళు లేవు. తడి ఉన్న వైపు సాగుతుంది. నా గోడ తగిలితే పక్కకు తిరుగుతుంది. మళ్ళీ గోడ, మళ్ళీ మలుపు. అలా తిరిగి తిరిగి తన మొదలునే తాను బిగించుకుంటుంది. దీన్ని తలరాత అనేవారు ఉంటారు. తలరాత కాదు, కుండీ చిన్నది. ఆ చిన్న కుండీని నేనే.

ఒక వేసవి మొదట్లో మమ్మల్ని కొత్తగా లేచిన ఒక అపార్టుమెంటు పడమటి ప్రహరీ దగ్గర దించారు. పక్కనే రేకుల షెడ్డు. అందులో వాచ్‌మన్ అప్పలస్వామి, అతని భార్య సింహాచలం ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు. రాత్రంతా గేటు కాసే మనిషి పగలు పడుకోవాలి. పడమటెండకు ఆ రేకు పెనంలా కాలేది. అతను చెమటలో పొర్లి, లేచి కూర్చుని, రాత్రి గేటు దగ్గర తూగేవాడు. ఒకసారి బిల్డరు కళ్ళబడ్డాడు. ఇంకోసారి పట్టుబడితే సామాను సర్దుకోవాలని బిల్డరు చెప్పేశాడు.

నన్ను పాతిన మధ్యాహ్నం కానుగ నీడ సరిగ్గా షెడ్డు గోడ పక్కన పడింది. సింహాచలం ఆ నీడలోకి నులకమంచం లాగింది. అప్పలస్వామి పొద్దు వాలేదాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. ఆమె బిందెతో నీళ్ళు తెచ్చి నా మీద పోసి, బుల్లిరాజు దగ్గరికి వెళ్ళింది.

“బాబూ, ఈ సెట్టు ఇక్కడే ఉంచీయండి. మా మావకి కంటి మీద కునుకు పడతాది.”

బుల్లిరాజు నవ్వాడు. “ఏవమ్మోయ్, ఇది చెట్టనుకున్నావా? పెళ్ళికి వేసే షామియానా. తంతు అయిపోగానే విప్పేస్తాం. ఇంకో పెళ్ళికి అందాలి కదా!”

“మరి ఆఫీసరు బాబు అడిగితే ఏటి సెప్పాల?”

“పెట్టారండి అను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువనకు.”

తనిఖీకి వచ్చిన అధికారి అనంతపద్మనాభం గారు. చూడకుండా సంతకం చేసే మనిషి కాదు. అంతకుముందు ఇంకో స్థలంలో ఆయన పచ్చిక తొలగించి ఒక కుండీ అంచు పట్టుకున్నాడు. సంతకం ఆపేశాడు. ఆ బిల్డరు గతిలేక నిజంగానే మొక్కలు తెప్పించి నేలలో నాటించాడు. నేను ఆ పక్క గుంతలోనే ఉన్నాను గనుక చూశాను. సింహాచలానికి ఈ సంగతి తెలియదు. తెలియజేయడానికి నాకు నోరు లేదు.

ఆయన గొడుగు మొనతో మట్టిలో పొడిచాడు. అది నా అంచుకు తగిలింది. ఉన్న బలమంతా కూడగట్టుకుని మోగాలనుకున్నాను. సిమెంటు మోగదు, చప్పుడు చేస్తుందంతే.

“ఏమిటది?”

“పునాది రాయండి,” అన్నాడు బుల్లిరాజు. “చెట్లన్నీ పెట్టేశామండి.”

“పెట్టడం వేరు, నాటడం వేరు రాజుగారూ. నేను అడిగేది నాటారా అని.”

బుల్లిరాజు మట్టి వైపు చూశాడు. అధికారి బిందెతో నిలబడ్డ సింహాచలం వైపు తిరిగాడు. “నీళ్ళు పోసేది నువ్వే కదమ్మా. నువ్వు చెప్పు. తెచ్చి పెట్టారా, నాటారా?”

ఆమె ఒకసారి మంచం వైపు చూసింది. అప్పలస్వామి ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

“నాటినారు బాబూ,” అంది. “నా కళ్ళతో సూసినాను.”

పేదమనిషి మాటను నమ్మడం ఆయన మంచితనం. ఆయన కాగితం మీద నాటారని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె భర్తను తట్టి లేపింది.

“మావా, రాసీసినారు! నాటినారని గవర్నమెంటు కాయితం మీద రాసీసినారు. కాయితం మీద నాటిందాన్ని ఈల్లు ఎలాగ పీకుతారో సూద్దుము.”

“ఓలే, ప్లీడరయిపోనావే నువ్వు,” అని అతను నవ్వాడు. అతని నవ్వు నేను వినడం అదే మొదటిసారి. మళ్ళీ వినలేదు.

మర్నాడు ట్రాలీ ఆటో వచ్చింది. పచ్చిక చుట్టేశారు, మట్టి తోడారు. సింహాచలం కాండాన్ని రెండు చేతులా పట్టుకుంది.

“నాటినారని ఆ బాబు రాసుకున్నారు. నాటింది పీకీడానికి మీరెవులు?”

బుల్లిరాజుకు నిజంగా అర్థం కాలేదు. తర్వాత అర్థమై, అతని ముఖం కొంచెం మాడింది. “పిచ్చితల్లీ, పెట్టారని నేను చెప్పమన్న మాట చెప్పినా ఆయన సంతకం ఆపేవాడు. అప్పుడు మీ బిల్డరు నిజంగానే ఇక్కడ చెట్లు నాటించక చచ్చేవాడు. నువ్వే కదా నాటారని గట్టెక్కించేశావు!”

ఆమె చేతులు వాటంతట అవే జారాయి. మనుషులు రాసిన మాటకు ఉన్నదాన్ని పట్టి ఉంచే శక్తి ఉందని ఆమె నమ్మింది. మంత్రాలను నమ్మేవారిని చూసి జాలిపడే చదువుకున్నవారు కూడా చాలామంది ఇదే నమ్ముతారు. అందుకే ఆమెను నేను తెలివితక్కువదని అనలేను.

ఆ తర్వాత మేము మరికొన్ని ప్రహరీల వెంట నిలబడ్డాం. కానుగ ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. ఎంత నీరు పోసినా చిల్లు గుండా పోతోందే గాని లోపల తాగే దారి మిగల్లేదు. ఎండు చెట్టును ఎవరూ అద్దెకు తీసుకోరు. ఆ వేసవి చివర బుల్లిరాజు అదే అపార్టుమెంటులో వాకిట్లో పూలమొక్కలు సర్దడానికి వస్తూ, మమ్మల్ని ట్రాలీలో తెచ్చి షెడ్డు దగ్గర దించాడు. “ఉంచేసుకోమ్మా,” అన్నాడు, ఆమె ముఖం చూడకుండానే.

ఆమె గోటితో బెరడు గీకింది. కిందికి గీకింది, ఇంకా కిందికి. ఎక్కడా పచ్చ లేదు. అయినా అప్పలస్వామి గునపం తెచ్చి నన్ను పగలగొట్టాడు. నేను ముక్కలై పడ్డాను. వేర్ల ముద్ద మాత్రం పడలేదు. నా ఆకారంలోనే, నా అంచు గీతతో సహా, గోడ లేని కుండీలా నిలబడింది. నాటుదామంటే మట్టి కూడా లేదు. పట్టీ పొడవునా కార్లు నిలపడానికి సిమెంటు పలకలు పరిచి ఉన్నాయి.

తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక రాత్రి అప్పలస్వామి గేటు దగ్గర తల వాల్చేశాడు. రాత్రి నిద్రపోయే వాచ్‌మన్ ఎందుకని కొత్తగా దిగినవారు అడిగారు. ఆ ప్రశ్నలో తర్కానికి లోటేమీ లేదు. పగలు అతను ఎక్కడ నిద్రపోతాడన్నది ఎవరూ అడగలేదు.

ఆఫీసు దస్త్రంలో ఆ కానుగ పడమటి ప్రహరీ వెంట ఇప్పటికీ నాటే ఉంది. నేను గోడవారగా ముక్కలై ఉన్నాను.

సామాను ఆటోలోకి ఎక్కించాక సింహాచలం వెనక్కి వచ్చింది. ఖాళీ చేయవలసిన బిందెలో అడుగున కొన్ని నీళ్ళు మిగిలి ఉన్నాయి. వాటిని ఆ ఎండిన మొదట్లో పోసింది. పట్టి ఉంచడానికి నేను లేను. నీళ్ళు వేర్ల మీదుగా జారి, పలకల మీద ఇంకడానికి చోటు వెతుక్కుంటూ, ఎక్కడా దొరకక, వాళ్ళ వెనకే గేటు వైపు పారాయి.