నా ముందట విరువు

నేను ఒక డబ్బా టీవీని. ముందు గాజు మొహం, వెనక నిండు కడుపులాంటి డొప్ప. ఇప్పుడు పాత సామాన్ల దుకాణంలో ఒక తుప్పు కూలర్ మీద ఒరిగి ఉన్నాను. జాలి పడకండి, దానితో నాకు పనిలేదు. వినండి, చాలు.

నన్ను చేసింది ఆడవాళ్లు. పొడుగు బల్లకు అటూ ఇటూ నిలబడి ఒకరు తీగ అతికిస్తే ఇంకొకరు మర బిగించారు. నాలాంటిది కొనే స్తోమత వాళ్లలో ఒక్కరికీ లేదు. నన్ను కొన్నది నిజామాబాద్‌లో ఒక బీడీ సేటు. అతని హాల్లో కుట్టుపూల గుడ్డ కప్పుకుని, నెత్తిన ప్లాస్టిక్ గులాబీలు పెట్టుకుని దొరసానిలా బతికాను. వార్తల్లో కార్మికులు కనబడితే సేటు చానల్ మార్చేవాడు. నేను నోరు మూసుకుని మారేదాన్ని.

గోడకు అతుక్కునే పలచటి టీవీ వచ్చాక నేను ఆ ఇంట్లో మోటుగా కనబడ్డాను. సరిగ్గా అప్పుడే బీడీలు చుట్టే ఆడవాళ్లు కూలి పెంచమని కార్ఖానా ముందు కూర్చున్నారు. సేటుకు రెండు తలనొప్పులూ ఒకే మందుతో పోయాయి. కూలి పెంచలేదు, నన్ను వాళ్లకు పంపాడు. దండ వేసి, ఆటో ఎక్కించి, పక్కన నిలబడి ఫోటో దిగాడు. హక్కు అడిగినవాళ్ల చేతిలో కానుక పెట్టి చప్పట్లు కొట్టించుకోవడం మనుషులు బాగా నేర్చిన విద్య. ఆ చప్పట్లలో నేను కూడా సిగ్గులేకుండా మెరిశాను.

బీడీ కాలనీలో రేకుల షెడ్డు నా కొత్త ఇల్లు. ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి, నన్ను చూస్తూనే చుట్టేవాళ్లు. చేతులకు కళ్లతో పనిలేదు.

మీకు ఒక మాట తెలియాలి: చాట్. కార్ఖానాలో దశరథం అనే మనిషి బీడీలు చూసి తీసుకుంటాడు. బాగాలేవని తోచినవి ఏరి పక్కన పడేస్తాడు. దాన్నే చాట్ తీయడం అంటారు. చాట్ పోయిన బీడీకి కూలి లేదు. అలాగని దాన్ని విరిచి పారేస్తారా అంటే అదీ లేదు. చుట్టినవాళ్లు ఇంటికి పోగానే అవన్నీ మంచి బీడీల్లోనే కలిసి అమ్ముడుపోతాయి. ఈ దొంగతనం కాలనీలో అందరికీ తెలుసు. నోరెత్తితే మర్నాడు ఆకు ఇవ్వరు. ఆకు లేకపోతే పని లేదు.

నాలో ఒక సీరియల్ వచ్చేది. మానస అనే కోడలు అత్తింట్లో ఏడుస్తూ ఉండేది. ఏడుపు ఎప్పుడు ఆగుతుందో సీరియల్ తీసేవాడికే తెలియదు. కరెంటు పోయిందంటే మాత్రం గంగామణి అందుకునేది. షెడ్డులో అందరికంటే వేగంగా చుట్టేది ఆమే, అందరికంటే బాగా చెప్పేదీ ఆమే. ఆమె చెప్పే మానస ఏడవదు. ఇల్లు దాటి, బీడీలు చుట్టి, కార్ఖానాలో దశరథంలాంటివాడితో జగడం పెట్టుకుంటుంది. చెబుతున్నంతసేపు గంగామణికి చేతులు తిప్పడమే సరిపోయేది, చుట్టడం ఆగిపోయేది. అందుకని వింటున్నవాళ్లు తలా కాసిని బీడీలు ఆమె చాటలో వేసేవాళ్లు. అది అక్కడి మర్యాద. ఎవరూ పెట్టిన రూలు కాదు. ఒక్కోసారి కరెంటు వచ్చినా నన్ను పెట్టేవాళ్లు కాదు. నాకు కుళ్లు పుట్టేది. ఇంత మొహం వేసుకుని, ఒక చీకటి షెడ్డులో ఓడిపోయేదాన్ని.

ఒకరోజు సీరియల్ చివర నా మొహం మీద పెద్ద అక్షరాలు పడ్డాయి. మానస కూడా పైకి చదివింది: ‘ఇక నా కథ మీ ఫోన్‌లో కూడా. నాతో చాట్ చేయండి.’

గంగామణి పక్కన చుడుతున్న లింబవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. “ఆమెను చాట్ చేస్తరట. ఏం తప్పు చేసిందే పాపం?”

“ఏడ్సి ఏడ్సి పాతదైంది గదా, ఏరి పారేస్తున్నరు,” అంది గంగామణి.

షాహెదాకు నవ్వు ఆగలేదు. షెడ్డులో మంచి ఫోన్ ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది. “అది మన చాట్ కాదక్కా. ఫోన్ల ముచ్చట పెట్టుడు. నువ్వు మాట్లాడితే మానస జవాబిస్తది. మంచిగున్న మాటలు సీరియల్ల కూడ పెడతరట.”

“ఆ పిల్లకు మేకప్ ఏసుకునేతందుకే పొద్దు సాలదు. నాతోని ముచ్చటనా?”

“ఆమె కాదు, మిషిన్. ఆమె గొంతుతోని మాట్లాడతది.”

“మిషిన్‌కు ఏమెరుక మన బతుకు?”

“ఎరుక లేకుంటే నువ్వే చెప్పరాదూ? నీకు ముచ్చట తక్కువనా?”

గంగామణి ఫోన్ ముందు కూర్చుని, తన పేరు చెప్పి మొదలుపెట్టింది. “ఇను బిడ్డా మానసా. ఊకె ఏడుస్తవేంది? కార్ఖానాకు పో. బీడీలు ఏరి పడేసెటోనికి చెప్పు. చాట్ తీస్తే నా ముందట విరువు. విరవకపోతే కూలియ్యి.”

ఆ మాట అందరి కడుపులో ఎన్నాళ్లుగానో ఉంది. నోటితో అన్నది గంగామణి.

“మీ మాట నా మనసును తాకింది గంగక్కా,” అంది ఫోను. “ఇంకా చెప్పండి.”

ఆమె రోజూ చెప్పింది. మానస మీద ప్రేమ ఒక్కటే కాదు, ఆమెకు ఒక లెక్క ఉంది. లింబవ్వకు విడమరిచి చెబుతుంటే విన్నాను. “నేనొక్కదాన్నే అంటే నాకొక్కదానికే ఆకు బంద్ అయితది. అదే మాట మానస టీవీల అన్నదనుకో, అన్ని కాలనీలల్ల ఇంటరు. అందరం అంటే సేటు ఎవలతోని చుట్టిపిస్తడు?”

నా బతుకులో మొదటిసారి నా మీద ఒకరు ఇంత ఆశ పెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే ఏవో సభల చర్చలు కూడా నాలో వచ్చేవి. టీవీ భవిష్యత్తు అట. ఇకమీద కథ ఒక్క తెరలో ఇమడదట. కొంత టీవీలో, కొంత ఫోన్‌లో, కొంత ఆటలో, మిగతాది చూసేవాళ్లే అల్లుతారట. ప్రేక్షకుడే రచయిత అట. కోట్లు వేసుకున్నవాళ్లు తలలూపారు. మరి ఆ రచయితకు కూలి ఎవరిస్తారయ్యా అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

చివరికి ఆ మాట వచ్చింది. మానస పట్టుచీర కట్టుకుని, మెట్ల మీద నిలబడి, మొగుడి కళ్లలోకి చూసి అంది: “విరిస్తే నా ముందట విరువు... నా మనసు.” వెనక వయొలిన్లు. యాస కూడా వదల్లేదు, మాట తిరిగిన తీరు కూడా. బీడీ లేదు, చాట్ లేదు, కూలి లేదు. కింద అక్షరాలు పడ్డాయి: ‘మిగతా కథ యాప్‌లో మాత్రమే.’ షాహెదా నొక్కి చూసింది. ముందు డబ్బు కట్టమంది.

“ఇంక ముంగట వస్తదేమో, కార్ఖానా ముచ్చట,” అంది గంగామణి. ఆ ముక్కే నాలో వచ్చిన ప్రతి ప్రకటనలో మోగింది. చిన్నపిల్లలు ఆటల్లో అన్నారు. నిజంగానే ఊరూరా పాకింది, ఆమె కోరుకున్నట్టే.

తర్వాత కార్ఖానాలో జరిగింది లింబవ్వ వచ్చి చెబితే తెలిసింది. దశరథం ఆ రోజు గంగామణి బీడీలు చాలా ఏరి పడేశాడు. గంగామణి కదలకుండా నిలబడి అంది: “చాట్ తీస్తే నా ముందట విరువు సారూ. విరవకపోతే కూలియ్యి.”

దశరథానికి కోపం కూడా రాలేదు. “ఏంది గంగామణీ, సీరియల్ డైలాగ్ కొడుతున్నవ్? ఇంట్ల మా ఆమె కూడ రోజు గిదే అంటది,” అన్నాడు.

వరసలో నిలబడ్డ వేరే కాలనీల ఆడవాళ్లు నవ్వారు. ఎవరి చెవిన పడాలని ఆమె ఆ మాట మానసకు చెప్పిందో వాళ్లే నవ్వారు.

మర్నాడు ఆమెకు ఆకు ఇవ్వలేదు. అయినా షెడ్డుకు వచ్చి ఖాళీ చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కరెంటు పోయింది. లింబవ్వ గుప్పెడు బీడీలు ఆమె చాటలో వేసింది. “చెప్పక్కా.”

“ఏం చెప్పాలె? నాది నేను చెప్తే కూడ నకలు కొట్టినవంటరు.” బీడీలు ఏరి ఒక్కొక్కటే లింబవ్వ చాటలో తిరిగి వేసింది. కరెంటు వచ్చేసరికి లేచి నా ప్లగ్గు పీకింది.

నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. జీవితమంతా ఒకరు చెప్పమన్నది వాగాను. అయితే ఒక షెడ్డులో విన్నది ఇంకొకడికి మోసిన పాపం నాకు లేదు. నా తర్వాత వచ్చినదానికి నోటితోపాటు చెవులు కూడా ఉన్నాయి. అది మీతో ప్రేమగా ముచ్చట పెడుతుంది, పేరు పెట్టి అక్కా అంటుంది. పనికొచ్చేది ఏరుకుంటుంది, మిగతా మిమ్మల్ని చాట్ తీస్తుంది. ఆ తీసినదాన్ని కూడా అమ్ముకుంటుంది.

నన్ను పాత సామాన్లవాడి బండి మీదికి తోసింది గంగామణే. కొంగుతో ఒకసారి మొహం తుడుస్తుందనుకున్నాను. ప్లగ్గు తీగ పనికొస్తుందని కోసుకుంది. మంచి పని చేసింది.

దుకాణం మూల ఎవరిదో ఫోన్ మాట్లాడుతోంది. అదే మానస గొంతు. “మీ కథ చెప్పండి, నేను వింటున్నాను.”

దుకాణంవాడు సుత్తి తీసుకుని వస్తున్నాడు, నా లోపలి రాగి కోసం. రానీ. ఇతనైనా నా ముందటే విరుస్తున్నాడు.