పోచయ్య పనిచేసిన హోటల్

దసరా సెలవులకు దుబాయ్ పోదామని ఇంట్లో అందరూ అనుకున్నారు. అది ఆదివారం మధ్యాహ్నం. అన్నాలయ్యాక కొడుకు మహిపాల్ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచాడు. చుట్టూ కోడలు చంద్రిక, పదహారేళ్ల మనవరాలు మానస, పద్నాలుగేళ్ల తారక్ చేరారు. ఐలయ్య గోడవారగా తన కుర్చీలో కూర్చుని వింటున్నాడు. కింద అమీర్‌పేట రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్ల కేకలు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. అలాంటి ఒక సెంటర్లోనే మహిపాల్ పాఠాలు చెబుతాడు.

"ఒకరోజు ఎడారిల జీపు. ఒకరోజు నీళ్ల పార్కు. మిగతాది మీ ఇష్టం," అన్నాడు తారక్.

"నేనైతే పొద్దున ఆరింటికి లేవ," అంది మానస. "సెలవులల్ల సుత లేపుడేంది? ఇంక నాకు వేరే రూమ్ కావాలె. వీని గురకకు నిద్ర పట్టదు."

"వేరే రూమా? అంత దూరం పోయేది అందరం ఒక్కకాడ ఉండనీకే," అంది చంద్రిక.

"మమ్మీ, ఒక్కకాడ ఉండనీకి అయితే ఈ ఇల్లుంది కదా."

మహిపాల్ నవ్వాడు. అతనికి కోపం రాలేదు. ఎనిమిదేళ్లుగా పిల్లల్ని ఎక్కడికీ తీసుకుపోలేదన్న బాధ అతనికి ఉంది. తండ్రికి కిడ్నీలు చెడిపోయినప్పటి నుంచి వారానికి మూడుసార్లు పంజాగుట్ట ఆసుపత్రిలో డయాలసిస్ తప్పదు. ఆ తిరుగుడులో ఇంటిల్లిపాదీ నలిగిపోయారు.

"తాత, నువ్వు పదకొండేండ్లు ఉన్నవ్ కదా అక్కడ," అని తారక్ ఇటు తిరిగాడు. "ఏది మస్తుంటదో జర చెప్పు."

"నేనేం జూసిన బిడ్డా," అన్నాడు ఐలయ్య. "క్యాంపు జూసిన. బస్సు జూసిన. పని జూసిన."

"హోటల్ చూడు మరి. డాడీ ఫైనల్ చేసిండు." తారక్ లాప్‌టాప్‌ను ఎత్తి తాత ఒళ్లో పెట్టాడు.

నీలం అద్దాల భవనం. దాని పైకప్పు మీద పొడుగాటి ఈతకొలను. కొలను అంచున తెల్ల గొడుగులు, పడక కుర్చీలు. ఐలయ్య కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు. కొలను అడుగున పలకలు రెండు నీలాలతో అలల్లాగా పరిచి ఉన్నాయి. ఆ అలలో ఒక వంపు దగ్గర పలకలు సరిపోక ఎలా కోయాల్సి వచ్చిందో అతని చేతులకు గుర్తుంది.

"ఇది వద్దు," అన్నాడు.

"ఎందుకు నాయినా? మంచి రేటింగ్ ఉంది," అన్నాడు మహిపాల్.

"ఇంకోటి చూడుండ్రి. గా హోటల్ మాత్రం వద్దు."

"కారణం చెప్పాలె కదా."

ఐలయ్య లేచి బాల్కనీలోకి పోయి, ఆరేసిన బట్టల మధ్య నిలబడ్డాడు. లోపల కాసేపు గుసగుసలు నడిచాయి. మామ ఒంట్లో బాగుండక చిరాకు పడుతున్నాడని చంద్రిక అన్నది అతనికి వినిపించింది. సాయంత్రానికి మహిపాల్ ఆ హోటలే బుక్ చేశాడు.

మంగళవారం మానసకు కాలేజీ లేదు. చంద్రికకు ఆఫీసులో మీటింగ్ ఉండటంతో తాతను డయాలసిస్‌కు తనే తీసుకుపోయింది. మెట్రోలో ఒక్క స్టేషన్. నర్సు వచ్చి ఐలయ్య చేతికి రెండు సూదులు గుచ్చి యంత్రం నడిపించి పోయాక, మానస స్టూలు దగ్గరికి లాక్కుంది.

"తాత, ఆ హోటల్లో ఏమైంది?"

"ఏం కాలే."

"నువ్వు ఆ ఫోటోను చాలాసేపు వదలకుండ చూసినవ్. నేను చూసిన."

నాలుగు గంటలు అక్కడే పడుకుని ఉండాలి. తప్పించుకుపోవడానికి లేదు. ఐలయ్య పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

పదేళ్ల కిందటి జూలై నెల. హోటల్ తెరిచే తారీఖు దగ్గర పడింది. కొలనులో పలకలు పరిచే పని ఐలయ్యది. సిమెంటు కలిపి అందించే పని పోచయ్యది. ఇద్దరివీ జగిత్యాల పక్క ఊళ్లు. క్యాంపులో ఒకే గది, కింద మంచం ఒకరిది, పై మంచం ఒకరిది. ఎండాకాలంలో మధ్యాహ్నం పని ఆపాలన్న రూలు ఉండేది. కానీ ఆ వారమంతా ఫోర్‌మన్ ఆపనివ్వలేదు. పైకి తెచ్చిన నీళ్ల క్యాను పదింటికే అయిపోయింది. లిఫ్టు సామాను మోసుకొస్తోంది కాబట్టి నీళ్లు తర్వాత వస్తాయన్నాడు. రెండింటప్పుడు పోచయ్య తల తిరుగుతోందని పలకల పెట్టెల నీడన కూర్చున్నాడు. కాసేపటికి ఒళ్లు కాలిపోతూ ఏదేదో మాట్లాడాడు. కిందికి దించేసరికి ప్రాణం లేదు.

"మరి కేసు కాలేదా?"

"మరునాడు ఆఫీసుల కూసోపెట్టి కాగితం రాసిండ్రు. పోచయ్యకు ముందునుంచే గుండెజబ్బుంది, దాచిపెట్టి పనికొచ్చిండు అని. ఒక్క గదిల ఉండేటోన్ని కాబట్టి సాక్షిగ నన్ను సంతకం పెట్టమన్నరు."

"జబ్బుందా?"

"ఏ జబ్బు లేదు. సిమెంటు బస్తాలు రెండు ఒక్కసారి మోసేటోడు."

"మరి నువ్వు పెట్టినవా?"

"పాస్‌పోర్టు వాళ్ల చేతిల ఉండె బిడ్డా. పెడితే శవం ఎంబడి ఇంటికి తోలుతమన్నరు. మూడేండ్లయింది మీ నాయిన మొఖం జూడక. పెట్టిన."

యంత్రం చిన్నగా తిరుగుతోంది.  మానస ముఖం వైపు చూడలేక ఐలయ్య కళ్లు మూసుకున్నాడు. ఒక్క మాట మాత్రం అతను మనవరాలికి చెప్పలేదు. అది చెప్పే ధైర్యం రాలేదు.

"ఆయన భార్యకు ఎరుకనా?" అని మానస అడిగింది.

"ఎరుక లేదు. స్వరాజ్యం ఆమె పేరు. మన ఇంటెనక రెండో గల్లీల లేడీస్ హాస్టల్ ఉంది సూడు, అండ్ల వంట చేస్తది. నాలుగేండ్ల కింద కూరగాయల బండి కాడ జూసిన. అప్పటిసంది నేను ఆ గల్లీల నడువ."

"ఇయ్యాల పోదాం తాత."

"సూదులు తీసినంక నాకు నడవనీకి రాదు."

"మెల్లగ పోదాం."

అమీర్‌పేట స్టేషన్ దిగి, పుస్తకాల బండ్లు, టిఫిన్ బండ్ల మధ్యలోంచి, మానస భుజం పట్టుకుని ఐలయ్య ఆ గల్లీలోకి నడిచాడు. హాస్టల్ వెనక తలుపు తీసే ఉంది. స్వరాజ్యం గడప మీద కూర్చుని ఆలుగడ్డలు కోస్తోంది. నలభై దాటి ఉంటాయి. జుట్టు ముందువైపు నెరిసింది. తలెత్తి చూసి, ఒక క్షణం ఆగి, గబుక్కున లేచింది.

"ఐలన్న కదా? గిట్లయినవేందే, సగం మనిషివైనవ్." లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది. స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. "మా ఇంటాయనను ఇంటికి చేర్చినోనివి. నిన్నెట్ల మరుస్త? ఈ పిల్ల నీ మనుమరాలా?"

ఐలయ్య గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "చెల్లె, నీకో సంగతి చెప్పాలె," అన్నాడు. మానసకు చెప్పిన వరసలోనే చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగాడు. స్వరాజ్యం కత్తి పక్కన పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయింది.

"జబ్బు లేదా?" అంది చివరికి.

"లేదు."

"కాగితమ్మీద ఉండె. ఊర్ల సర్పంచి చదివి చెప్పిండు అందరికి."

"అబద్ధం. నేను సంతకం పెట్టిన అబద్ధం."

ఆమె మళ్లీ గడప మీద కూర్చుంది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"మా అత్త నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టింది అన్నా. జబ్బు మనిషని తెలిసి పైసల కోసం తోలినవ్, నా కొడుకును చంపినవ్ అని. నాకు తెల్వదని దేవుని మీద ఒట్టేసిన. నమ్మలే. నాకు తెల్వకుంటే నాతోనే దాచిండని కదా అర్థం? నేను అదే అనుకున్న. పదేండ్లు. ఆయన ఫోటో గోడకు పెట్టలే నేను. పండుగనాడు పేరు తీసి బువ్వ పెట్టలే. నా కడుపుల మాట చెప్పాల్నంటే, రోజు తిట్టుకున్న."

గల్లీలో హాస్టల్ అమ్మాయిలు నలుగురు బ్యాగులతో మాట్లాడుకుంటూ పోయారు. వాళ్లు మలుపు తిరిగేదాకా స్వరాజ్యం ఆగింది.

"నీళ్లు అడిగిండా?"

 ఈ ప్రశ్న వస్తుందని పదేళ్లుగా ఐలయ్యకు తెలుసు.

"రెండుసార్లు అడిగిండు."

"ఎవ్వల దగ్గర లేకుండెనా?"

"నా సంచిల సగం సీస ఉండె." ఐలయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఇంకా నాలుగు గంటల పనుండె. నాకు సుత నోరు ఎండుకపోయి ఉండె. ఫోర్‌మన్ తెస్తడు ఆగు అన్న. ఇయ్యలే చెల్లె."

వెనక నిలబడ్డ మానస తన చేతిని అతని భుజం మీంచి తీసేసింది. అది ఐలయ్యకు తెలిసింది.

స్వరాజ్యం ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి ఫోన్ తెచ్చింది. ఒక నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, అతని ముందు పట్టుకుంది.

"మా అత్త. చెవులు సరిగ వినపడవు. గట్టిగ చెప్పాలె. జబ్బు లేదని చెప్పు. కాగితం అబద్ధమని చెప్పు. నీళ్ల సంగతి చెప్పకు. ముసల్ది, తట్టుకోదు."

అవతల ఎవరో పిల్లాడు ఫోన్ ఎత్తి, ముసలమ్మకు ఇచ్చాడు. "ఎవలు?" అని బొంగురు గొంతు వినిపించింది.

"నేను ఐలయ్యను. దుబాయ్‌ల పోచయ్యతోటి ఉన్నోన్ని."

"ఎవలు? వినపడతలేదు."

ఐలయ్య ఉన్న శక్తంతా కూడగట్టుకుని అరిచాడు. "నీ కొడుకుకు ఏ రోగం లేకుండె అవ్వా. ఎండకు చచ్చిపోయిండు. కాగితం అబద్ధం. నేను అబద్ధం రాసిన. నీ కోడలికి ఏం తెల్వదు. ఆమె తప్పేం లేదు."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. గల్లీలో ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కకు పెట్టి చూశాడు. ముసలమ్మ మళ్లీ అడిగింది. ఐలయ్య మళ్లీ అరిచాడు. మూడోసారి చెప్పేసరికి అటువైపు మాట ఆగిపోయింది. తర్వాత ఒక సన్నని ఏడుపు, అలవాటు తప్పిన గొంతులోంచి వచ్చే ఏడుపు, చాలాసేపు వినిపించింది. స్వరాజ్యం కట్ చేయలేదు. ఏడుపు ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడి, అప్పుడు నొక్కింది.

"ఇగ పో అన్నా," అంది. "మళ్ల రాకు."

ఇంటికి తిరిగివచ్చేటప్పుడు మానస రెండడుగులు ముందు నడిచింది. మెట్ల దగ్గర మాత్రం ఆగి చేయి అందించింది. తాత ముఖంలోకి చూడలేదు.

ఆ సాయంత్రమే అమ్మానాన్నలకు అంతా చెప్పింది. మహిపాల్ గోడ వైపు చూశాడు. శవం వెంట తండ్రి ఇంటికి వచ్చిన ఆ సెలవుల్లోనే తన పెళ్లిరోజుకు అందరూ కలిసి ఫోటో దిగారు. అది ఇప్పటికీ హాల్లో ఉంది. "నాకన్న చెప్పకపోతివి నాయినా," అన్నాడు.  లాప్‌టాప్ తెరిచి ఆ హోటల్ రద్దు చేసి, ఊరికి ఇంకో చివర ఇంకోటి చూశాడు. "ఇది మాత్రం ఎవరు కట్టిండ్రు డాడీ?" అని మానస అడుగుతుండగానే దాన్ని బుక్ చేశాడు. తను రానని మానస రెండు రోజులు మొండికేసింది. చంద్రిక బతిమాలింది, కోప్పడింది. చివరికి బట్టలు సర్దుకుంది. తారక్ మాత్రం నీళ్ల పార్కు మాట ఎత్తడం మానేశాడు.

దసరాకు ముందు శుక్రవారం నలుగురూ బయల్దేరారు. పోయేముందు మహిపాల్, ఇంట్లో ఒక్కడే ఉండబోయే తండ్రికి ఆసుపత్రికి ఆటో మాట్లాడి పెట్టాడు, మందులు డబ్బాల్లో సర్దాడు. చంద్రిక కాళ్లకు దండం పెట్టింది. మానస గుమ్మం దగ్గర నిలబడి, "మందులు మర్చిపోకు," అంది. తాత అని పిలవలేదు.

శనివారం ఆసుపత్రి నుంచి వస్తూ ఐలయ్య ఆటోను ఆ గల్లీ మొదట్లో ఆపించాడు. లోపలికి పోలేదు. హాస్టల్ ముందు వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉంటే, దగ్గరికి పిలిచి వంట చేసే స్వరాజ్యం బాగుందా అని అడిగాడు.

"ఊరికి పోయింది పెద్దాయనా. వాళ్ల అత్త మంచం పట్టిందంట. మూడు రోజులాయె," అన్నాడు వాచ్‌మన్. "ఎప్పుడొస్తదో చెప్పలే. సామాన్లు సుత అన్ని కట్టుకొని పోయింది."

ఐలయ్య తలూపాడు. ఆటో తిరిగి కదిలింది.