తలుపు మూసిన ముహూర్తం

షాహిదాబీ ఉదయం అయిదున్నరకు పోయింది. పెళ్ళి ముహూర్తం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు.

మధ్యలో ఉన్నది ఆరు గంటలు కూడా కాదు. అంతసేపూ తల్లి బతికే ఉన్నట్టు నటించాలని మౌలా నిర్ణయించుకున్నాడు.

తూర్పుపాలెం వేణుగోపాలస్వామి గుడికి ఒక కట్టుబాటు ఉంది. ఊళ్ళో ఏ ఇంట్లో శవం ఉన్నా గుడి తలుపు తీయరు. గంట కొట్టరు, నైవేద్యం పెట్టరు. శవం పొలిమేర దాటాక గుడి కడిగి, అప్పుడు తీస్తారు. ఏ కులం, ఏ మతం అని చూడరు. పదేళ్ళ కిందట మౌలా తండ్రి పోయినప్పుడూ మూశారు. ఊరూ పేరూ తెలియని మనిషి శవం రేవుకు కొట్టుకొస్తే, పోలీసులు వచ్చి తీసుకుపోయేదాకా ఒకటిన్నర రోజు మూశారు.

ఈ రోజు అదే గుడి మండపంలో సుప్రియ పెళ్ళి.

సుప్రియ ఎదురింటి హజరత్తయ్య కూతురు. మౌలా కుట్టుమిషను కింద రంగు గుడ్డముక్కలు ఏరుకుంటూ పెరిగిన పిల్ల. ఆమె నాయనమ్మ పిచ్చమ్మా, షాహిదాబీ ఒకే ఏడాది ఈ వీధికి కోడళ్ళుగా వచ్చారు. నిరుడు సుప్రియకు ఒక సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న వారానికి పెళ్ళికొడుకు తాత చనిపోయాడు. పిల్ల పాదం మంచిది కాదని వాళ్ళు తప్పుకున్నారు. ఏడాది గడిచాక కొడవలూరు నుంచి ఈ సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు విజయభాస్కర్ ఆ మాట పట్టించుకోలేదు. అతని మేనమామ చెంచయ్య మాత్రం పాత సంగతి విని రెండుసార్లు వెనక్కి లాగాడు. రేపటి నుంచి మూఢం, రెండు నెలలు ముహూర్తాలు లేవు. ఇవాళ తలుపు మూసి పెళ్ళి ఆగిపోతే, సుప్రియ పాదం గురించి కొడవలూరు దాకా చెప్పుకుంటారు. ఆ పిల్లను ఇంకెవరూ చేసుకోరు.

"పన్నెండింటి దాకా ఓర్చుకో" అన్నాడు మౌలా భార్య షమాతో. "అమ్మ ఉన్నా ఇదే చెప్పుండేది."

షమా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తర్వాత అత్త దవడకు గుడ్డ కట్టి, పాదాలు దగ్గరికి చేర్చి, గొంతుదాకా దుప్పటి కప్పింది. వేలూరులో ఉన్న చెల్లెలు కౌసర్‌కు మౌలా ఫోన్ చేశాడు. కాట్పాడిలో రైలెక్కి గూడూరులో దిగి, అక్కడ బస్సు పట్టుకుని వస్తానంది. మూడు దాటుతుంది. అంతదాకా ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఎందుకని అడిగే శక్తి ఆమెకు లేదు.

రోజూ ఆరింటికి మౌలా మిషను చప్పుడు మొదలవుతుంది. వీధికి అదే గడియారం. ఇవాళా కూర్చుని తొక్కాడు. సూది కింద గుడ్డ లేదు. అదే సమయానికి గుడి గంట మోగింది. అతని పాదం ఆగింది. మళ్ళీ తొక్కాడు.

అసలు చిక్కు ఏడున్నరకు వచ్చింది. గుడిలో జరిగే ప్రతి పెళ్ళికీ పీటల పైన మేలుకట్టు గుడ్డ కట్టేది మౌలా ఇంటివాళ్ళే. అతని తాత నుంచీ వస్తున్న పని అది. వెళ్ళకపోతే మనిషిని పంపుతారు. వెళితే శవం ఉన్న ఇంటి నుంచి నేరుగా దేవుడి ముందుకు నడిచినట్టవుతుంది. మౌలా తల మీద రెండు చెంబుల నీళ్ళు పోసుకుని, గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళాడు. మండపం మెట్లు ఎక్కలేదు. నిచ్చెన బయటి నేల మీద వేసి, నాలుగు స్తంభాలకూ బయటి నుంచే వంగి ముడులు వేశాడు. లోపలి రాతి మీద కాలు మోపకుండా పని ముగించాడు.

పూజారి ఆ విన్యాసమంతా చూస్తూ నిలబడ్డాడు. నిచ్చెన దిగగానే తీర్థం గిన్నెతో ఎదురొచ్చాడు. మౌలా చేతులు వెనక్కి పెట్టుకుని ఉపవాసమన్నాడు. రంజాను పోయి నాలుగు నెలలయింది గదా అని పూజారి అడిగాడు. మొక్కు ఉపవాసమన్నాడు మౌలా. ఒక అబద్ధానికి మరో అబద్ధం అతుకు వేయాల్సి వచ్చింది. కుట్టుపనివాడికి అతుకు ఎక్కడ తేలిపోతుందో తెలుసు. పూజారికీ తెలిసినట్టే ఉంది, కానీ ఆయన ఇంకేమీ అడగలేదు.

తొమ్మిదింటికి పిచ్చమ్మ వచ్చింది.

పట్టుచీర కట్టుకుంది, మెడలో గొలుసు వేసుకుంది. పెళ్ళి పీటల పక్కనే షాహిదాకు కుర్చీ వేయించానని, లేచిందా అని గుమ్మంలోంచే అడిగింది. అమ్మకు జ్వరమని, ఇప్పుడే కళ్ళు మూసిందని మౌలా చెప్పాడు. అడ్డంగా నిలబడ్డాడు కూడా. పిచ్చమ్మ అతని చెయ్యి పక్కకు తోసి లోపలికి నడిచింది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఎప్పుడూ ఆపలేదు.

షమా మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. పిచ్చమ్మ కాళ్ళవైపు కూర్చుంది. దుప్పటి కింద చెయ్యి పెట్టి స్నేహితురాలి పాదాలు పట్టుకుంది. అలాగే ఉండిపోయింది. బయట ఆటో ఏదో వెళ్ళింది. షమా విసనకర్ర ఆగలేదు. చివరికి పిచ్చమ్మ చెయ్యి తీసి, దుప్పటి అంచు పాదాల కిందికి మడిచి సర్దింది.

"నిద్రపోనీమ్మా" అంది. ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది.

మౌలా గోడకు ఆనుకుని కిందికి జారాడు. గండం గడిచిందనుకున్నాడు.

తొమ్మిదిన్నరకు మగపెళ్ళివారు దిగారు. గులాబీలు కట్టిన తెల్లకారు, వెనక రెండు బస్సులు. నాదస్వరం అందుకుంది. మౌలా గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఇంకో గంట పది నిమిషాలు. ఇంకో గంట.

పదీ పదిహేనుకు నాదస్వరం ఆగింది. పాట మధ్యలో, ఎవరో చేత్తో మూసినట్టు ఆగింది. తర్వాత ఒక పెద్ద చప్పుడు. ఆ చప్పుడు మౌలాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గర్భగుడి తలుపు మూసిన చప్పుడు.

అతను చెప్పుల్లేకుండా పరిగెత్తాడు.

గుడి ముందు రెండు వందల మంది నిలబడి ఉన్నారు. మెట్ల కింద పిచ్చమ్మ ఉంది. పట్టుచీర లేదు, మెడలో గొలుసు లేదు. నెత్తి మీద నీళ్ళు పోసుకుని, కారుతున్న పాత నూలుచీరతో నిలబడింది. పెళ్ళి రోజు పెళ్ళికూతురి నాయనమ్మ తడిబట్టలతో గుడి ముందుకు వస్తే, శవాన్ని తాకి వచ్చిందని ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

"ఎందుకు చెప్పినావు పెద్దమ్మా?" అన్నాడు మౌలా. "నీ మనవరాలి పెళ్ళి గదా."

"నా మొగుడికి మూసినారు. రేవులో ఎవుడో అనామకుడికి మూసినారు" అంది పిచ్చమ్మ. "షాహిదా మంచం మీద అట్ట పడుంటే, నేనీడ మేళం వాయించుకుంటా పిల్లకి తాళి కట్టిస్తానా? నా పిల్ల కోసమే దాచినావు, నాకు తెలుసు. కానీ అది నీకొక్కడికే అమ్మా ఏందిరా?"

మౌలా పూజారి వైపు తిరిగాడు. పొద్దున తను దాచినందువల్లే గంట మోగిందని, నైవేద్యం జరిగిపోయిందని, ఆ తప్పంతా తనదేనని, పెళ్ళివారిని ఏమీ అనవద్దని గబగబా చెప్పాడు.

పూజారి తాళంచెవి నడుముకు దోపుకున్నాడు. "స్వామి పొద్దున తెలీక తిన్నాడు. తెలిసినాక ఎట్ట తింటాడు? మనిషి పోతే ఇంట్లోవాళ్ళు పస్తుంటారు. ఆయనా ఈ వీధివాడే గదా."

అప్పుడు చెంచయ్య ముందుకు వచ్చాడు. మనిషి పొడవు, గొంతు అంతకన్నా పెద్దది. మొదటి సంబంధంలో తాత పోయాడు, ఇప్పుడు సరిగ్గా ముహూర్తానికి గుడి తలుపు మూశారు, ఇంకేం చూడాలని అడిగాడు. బస్సులు తిప్పమని డ్రైవర్లకు సైగ చేశాడు. హజరత్తయ్య ఆయన కాళ్ళ మీద పడబోతే ఎవరో పట్టుకున్నారు. సుప్రియ మండపం అంచున నిలబడి ఉంది. నుదుట బాసికం ఉంది. ఆమె చెంచయ్యను చూడటం లేదు. మౌలా ఇంటివైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది.

విజయభాస్కర్ అది గమనించాడు. ఇంకో లగ్నం ఉందా అని పూజారిని అడిగాడు. పూజారి పంచాంగం తెప్పించి, వేళ్ళ కణుపులు లెక్కబెట్టి, మూడూ యాభైకి ఒకటి ఉందన్నాడు. గొప్పది కాదు, దోషమూ లేదు. అయితే గుడి కడిగి సంప్రోక్షణ చేయాలి కాబట్టి రెండున్నరకల్లా శవం పొలిమేర దాటాలి.

పన్నెండింటికే అమ్మను తీసుకెళ్తామన్నాడు మౌలా. వెనకే వచ్చిన షమా అప్పటిదాకా బిగబట్టిన దుఃఖాన్ని ఇక ఆపుకోలేకపోయింది. కూతురు తల్లి ముఖం చూడకుండానే మట్టి చేస్తావా అని ఏడుస్తూ అడిగింది. రైలు గూడూరు చేరేసరికే ఒకటవుతుంది. ముత్తుకూరు మీదుగా వచ్చే బస్సు కోసం కూర్చుంటే మూడు దాటుతుంది. మౌలా తల వంచుకున్నాడు. ఆడపిల్ల పెళ్ళికన్నా తమ చూపు ఎక్కువ కాదన్నాడు.

విజయభాస్కర్ జేబులోంచి కారు తాళం తీసి మేనమామ ముందు పట్టుకున్నాడు.

"గంటలో గూడూరు పొయ్యేది నువ్వొక్కడివే మామా."

పెళ్ళికారులో చావింటి మనిషిని ఎక్కించుకు రమ్మంటావా అని చెంచయ్య కళ్ళెర్రజేశాడు.

"అమ్మమ్మ పోయినప్పుడు నువ్వు లారీలో విజయవాడ కాడుండావు" అన్నాడు విజయభాస్కర్ మెల్లగా. "ముఖం చూడలేదని తాగినప్పుడల్లా ఇప్పటికీ ఏడుస్తావు. తాగనప్పుడు కూడా."

చెంచయ్య చుట్టూ చూశాడు. తాళం లాక్కుని కారెక్కాడు. గులాబీల కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. బస్సులు కదల్లేదు.

ఆ నాలుగు గంటలూ ఊరు రెండు పనులు పక్కపక్కనే చేసింది. మండపంలో మగపెళ్ళివారికి చాపలు వేశారు. వండిన పెళ్ళివంట మూతలు తీయలేదు. పెద్దవాళ్ళకు, పిల్లలకు మజ్జిగ, అరటిపళ్ళు ఇచ్చారు. మౌలా ఇంట్లో ఆడవాళ్ళు షాహిదాబీకి స్నానం చేయించారు. మౌలా తెల్లగుడ్డ కొలిచి కఫన్ కత్తిరించాడు. కఫన్‌కు కుట్టు ఉండదు. కత్తెర పెట్టి సూది పట్టని గుడ్డ అతని జీవితంలో ఇది రెండోది. మొదటిది తండ్రిది.

ఒకటిన్నరకు చెంచయ్య దగ్గర నుంచి కబురు లేదు. ఫోను ఎత్తడం లేదు. రైలు పదిహేను నిమిషాలు లేటని ఎవరో చెప్పారు. రెండయింది. మసీదు నుంచి జనాజా పెట్టె వచ్చి గుమ్మం ముందు ఆగింది. రెండూ పదికి పూజారి వచ్చి వీధి మొగలో నిలబడ్డాడు. రెండూ పదిహేనుకు, ఇక ఎత్తండి అని మౌలాయే అన్నాడు. పిచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఇంకో అయిదు నిమిషాలంది.

రెండూ పద్దెనిమిదికి కారు మలుపు తిరిగింది.

మీద ఒక్క గులాబీ లేదు. బానెట్టు మీద దారప్పోగులు మాత్రం వేలాడుతున్నాయి. రైలు కోసం స్టేషను బయట కాచుకున్నంతసేపూ చెంచయ్య ఆ పూలన్నీ తన చేత్తో తెంపేశాడట. తల్లి పోయిన పిల్ల పూలకారు ఎట్ట ఎక్కుతుందని అనిపించిందట. తర్వాత కౌసర్ చెప్పింది. ప్లాట్‌ఫారం మీద దిగిన ప్రతి ఆడమనిషినీ తూర్పుపాలెమా అమ్మా అని అడిగాడని కూడా చెప్పింది.

కౌసర్ లోపలికి వెళ్ళింది. షమా ముఖం మీద గుడ్డ తొలగించింది. కౌసర్ తల్లి నుదుటి మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు అలాగే ఉంచింది. అందరూ బయటికి వచ్చి ఆమెకు ఆ నాలుగు నిమిషాలు వదిలేశారు.

జనాజా ఎత్తేటప్పుడు హజరత్తయ్య ముందుకు వచ్చి ఆగిపోయాడు. భుజం పెడితే కూతురి కన్యాదానం చేయడానికి ఉండదు. చేతులు జోడించి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఆ ఖాళీ భుజం దగ్గరికి చెంచయ్య చొక్కా చేతులు మడుచుకుంటూ నడిచాడు.

"ఎట్టాగూ నేను నీళ్ళు పోసుకోవాల్సిందే గదా" అన్నాడు.

రెండూ ఇరవై తొమ్మిదికి షాహిదాబీ పొలిమేర దాటింది. పూజారి వెనక్కి తిరిగి గుడివైపు నడిచాడు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆయన వెంట వెళ్ళారు.

మూడూ యాభైకి మౌలా ఖబరస్తాన్‌లో మట్టి పోసి చేతులు దులుపుకుంటున్నాడు. గుడి అక్కడికి మైలు దూరం, ఏమీ వినపడలేదు. ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కంచాలు మూతపెట్టి ఉన్నాయి. పిచ్చమ్మ పంపిన అన్నం, పప్పు. పెళ్ళి అయిందని షమా చెప్పింది. మౌలా అరుగు మీదే కూలబడ్డాడు. పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఎండ తగ్గక ముందే పెళ్ళివారు బయల్దేరారు. కొత్త దంపతులు చావింటి గడప తొక్కకూడదు. కారు హారను కొట్టకుండా వచ్చి, ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆగింది. వెనక సీటులో సుప్రియ అద్దం దించి, మౌలాను చూస్తూ రెండు చేతులూ జోడించింది.

చెంచయ్య తడిజుట్టుతో డ్రైవరు సీటులోంచి దిగి, అరుగు దాకా వచ్చాడు. కౌసర్ లేచి నిలబడింది.

"మూడోరోజు జియారత్ ఎల్లుండి గదా" అన్నాడు. "అయినాక నీ రైలు ఎన్నింటికో చెప్పమ్మా. గూడూరులో నేను దించుతా."

బస్సులున్నాయి అన్నా, మీకెందుకు శ్రమ అంది కౌసర్.

"బస్సులుండాయిలే" అన్నాడు చెంచయ్య. "టైము చెప్పు."