మరమ్మతుల మధ్య ఒక కుర్చీ

“ఏటి, దండెం మీద చొక్కా లోపలికి తెమ్మని కూడా నేనే చెప్పాలా?” అన్నారు మా ఆయన గుణశేఖర్, తెల్లచొక్కా మీద పడ్డ నల్లదుమ్ము నా ముఖం ముందు దులుపుతూ. పోర్టులోని బొగ్గు గుట్టల వైపు నుంచి గాలి వీచిన రోజు మా వీధిలో ఏ బట్టా తెల్లగా మిగలదు. దండెం పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నది ఆయనే. ఆ మాటే అన్నాను.

“పేపరు సదువుకునే మగోడు బట్టలు తీత్తాడేటే?” అన్నారు అత్తయ్య. చొక్కా మళ్ళీ తడిపాను.

అక్కడితో ఆగితే బాగుండేది. “ఎలాగూ రిపేర్లని యూనివర్సిటీ లైబ్రరీ మూసేశారు కదా. సోమవారం నువ్వు పరవాడ వస్తావని చెల్లికి చెప్పేశాను. పిల్లల్ని చూసే మనిషి మానేసిందట. నెల్లాళ్ళే,” అన్నారాయన.

ఆ నెల్లాళ్ళ చివరే నా ఎమ్మే పరీక్షలు. ఇరవై ఏళ్ళ కిందట పెళ్ళి కోసం మధ్యలో వదిలేసిన చదువు. ఇంట్లో పుస్తకం తెరిస్తే చాలు, ఎవరికో మంచినీళ్ళు కావాలి. అందుకే ఆ లైబ్రరీ. అది మూసేశారో లేదో ఆయన కనుక్కోలేదు. మర్నాడు కూరగాయలకని చెప్పి నేనే బస్సెక్కాను.

లైబ్రరీ ముందంతా పరంజా కట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. నిజంగానే మూసేశారనుకున్నాను. పక్క గుమ్మానికి చేతిరాత కాగితం: ‘లైబ్రరీ తెరిచే ఉంది. ఇటు రండి.’

అటెండరు దుర్గ ఎదురొచ్చింది. జాలరిపేట మనిషి, గొంతు పెద్దది. “మీ కిటికీ కాడ పెచ్చులు రాల్తన్నాయమ్మా. అందుకే మీ బల్ల ఇటు లాగించేసాం. కూకోండి. గాలొస్తందా?”

“పుస్తకాలన్నీ పైన ఉండిపోయాయి కదా?”

“నాను లేనేటి? కాయితమ్మీద రాసియ్యండి, తెచ్చిత్తాను. పరీచ్చలకి సదివేవోళ్ళున్నారు, పదకొండు నుంచి ఒంటిగంట దాకా డ్రిల్లు ఆపమని లైబ్రరీ మేడమ్ మేస్త్రీకి సెప్పేసారు.”

నిరుడు మా ఇంటికి రంగులు వేయించాం. అత్తయ్య మంచం ఎక్కడ, ఆయన ఫైళ్ళెక్కడ, టీవీ ఎక్కడ, అన్నీ నేనే ఆలోచించాను. ఐదు రోజులు బాల్కనీలో స్టవ్ పెట్టుకుని వండాను, పిట్టగోడ మీద కంచం పెట్టుకుని నిలబడే తిన్నాను. నేనెక్కడ కూర్చుంటానని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. ఇక్కడ భవనమంతా విప్పి పోశారు, అయినా నా కుర్చీ గురించి ఎవరో ఆలోచించారు. దుర్గ తడిగుడ్డతో బల్ల తుడిచి, నేను రాసిచ్చిన రెండు పుస్తకాలూ సున్నం దులిపి నా ముందు పెట్టింది. నేను అడిగింది ఒకరు వెతికి తెచ్చి నాకివ్వడం ఇదివరకు ఎప్పుడు జరిగిందో గుర్తు రాలేదు.

“చాలా థాంక్స్ దుర్గా.”

“దానికేటమ్మా, నా డూటీ ఇది,” అని నవ్వింది.

డ్యూటీయే. కానీ దానికో జీతం ఉంది, సాయంత్రం ఐదింటికి ఓ ముగింపు ఉంది. అంతకుమించి, గాలొస్తోందా అని అడగాలని ఏ డ్యూటీలోనూ రాసి ఉండదు. ఆ రెండు గంటలూ చదువుతూనే ఉన్నాను, మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు వండాను. అందరికీ వడ్డించి, నా కంచం కూడా తెచ్చుకుని వాళ్ళతోపాటే కూర్చున్నాను.

“లైబ్రరీ మూయలేదు. పరీక్షలయ్యేదాకా రోజూ వెళ్తాను. పరవాడ రాలేనని మీ చెల్లికి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను.”

ఆయన చేతిలో ముద్ద ఆగింది. “నన్నడక్కుండానా?”

“పంపిస్తానని మాటిచ్చినప్పుడు మీరూ నన్నడగలేదు.”

“మరి మజ్జానం మాకు కూడెవులెడతారే?” అన్నారు అత్తయ్య.

“వండే వెళ్తానత్తయ్యా. తొమ్మిదిన్నరకి బయల్దేరతాను. వడ్డించుకోవడం మాత్రం ఇక మీరే.”